సీలు తీయని ఆయిల్ డబ్బా

మా గల్లీలో కుర్రాళ్ళు ఇప్పుడు బండ్ల ఆయిల్ వాళ్ళే మార్చుకుంటున్నారు. ఆదివారం పొద్దున జహనుమాలో మా ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే కనిపిస్తుంటారు. ఫోన్‌ను సీటుకు ఆనించి, వీడియోను ఒక నిమిషం నడిపించి, ఆపి, బండి కిందికి వంగి బోల్టు వెతుక్కుంటారు. నేను మెకానిక్‌నని తెలుసు కాబట్టి మధ్యలో తలెత్తి అడుగుతారు: "బాపూ, షాపుల ఇచ్చుడు మంచిదా, మనమే చేస్కునుడు మంచిదా?"

ముప్పై ఏళ్ళకు పైగా అదే పని చేసినవాణ్ణి. జవాబు తెలియక కాదు. కానీ ఆ ప్రశ్న వినగానే నాకు జల్‌పల్లి రోడ్డు పక్కన ఎండలో స్టాండు వేసి ఉన్న ఒక నీలం స్కూటర్ కనిపిస్తుంది. ఆ తర్వాత వాళ్ళు ఏమన్నా నాకు సరిగ్గా వినిపించదు. "చూసి చేస్కో బిడ్డా" అని ఏదో అనేసి ఊరుకుంటాను. ఆ స్కూటర్ సంగతి వీధిలో నిలబడి చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా దుకాణం దబీర్‌పురా స్టేషన్‌కు దగ్గర్లో ఉండేది. నాది కాదు, ఉస్తాద్‌ది. నేను ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆయన దగ్గరే పని చేసి, ఆయన దుకాణం కొడుకులకు అప్పగించిన రోజునే నేనూ పానాలు కడిగి పెట్టేసినవాణ్ణి. ఉస్తాద్ పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక కొసను ఇంజన్‌కు ఆనించి, రెండో కొసను చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. అలా అర నిమిషం విని, లోపల ఏం పాడైందో చెప్పేవారు. డాక్టరు గుండె విన్నట్టే. తప్పు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు అలాంటి చెవి లేదు. నాకు ఉన్నది వేరే జబ్బు. పని చేస్తూ చేస్తూ ఎటో వెళ్ళిపోతాను. ముఖ్యంగా ఆయిల్ దించేటప్పుడు. ఎప్పుడైనా గమనించారా? బోల్టు తీయగానే పాత ఆయిల్ ముందు గుప్పుమని దూకుతుంది. తర్వాత లావుపాటి తాడులా, ఆ తర్వాత దారంలా సన్నబడుతుంది. మధ్యాహ్నపు ఎండ షట్టర్ కింద నుంచి ఏటవాలుగా పడుతుంటే ఆ నల్లటి దారం అంచున ఎరుపూ, బంగారు రంగూ మెరుస్తాయి. గాలి వీస్తే కొంచెం వంగుతుంది, తెగదు. దాన్ని చూస్తూ ఉంటే చుట్టూ ఉన్న హారన్లూ, బేరాలూ, పక్క దుకాణం సుత్తి దెబ్బలూ అన్నీ నీళ్ళ అడుగు నుంచి వినిపిస్తున్నట్టు ఉండేవి. ఉస్తాద్ అది చూసి నన్ను "ఖయాలీ" అని పిలిచేవారు. ఊహల్లో తిరిగేవాడని. "అరే ఖయాలీ, యెక్కడికి పోయినవ్? వాపస్ ఆజా మియా" అనేవారు. దుకాణంలో అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అది నవ్వులాటే అనుకున్నాను చాలా కాలం.

ఆ నీలం స్కూటర్ ఒక నర్సుది. ఆసుపత్రిలో కాదు, ఇళ్ళకు వెళ్ళి పనిచేసేది. షుగర్ వల్ల కాళ్ళకు పుండ్లు పడ్డవాళ్ళకూ, ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నవాళ్ళకూ కట్లు మార్చేది. దబీర్‌పురాలో ఉండేది కానీ రోజూ చాంద్రాయణగుట్ట మీదుగా జల్‌పల్లి దాకా తిరిగేది. రోజుకు ఏడెనిమిది ఇళ్ళు. అందరిలాగే నేనూ సిస్టర్ అనేవాణ్ణి. ఆమె నన్ను అన్నా అనేది, ఉస్తాద్‌ను చాచా అనేది.

మొదటిసారి ఆయిల్ మార్పించడానికి వచ్చినప్పుడు బెంచీ మీద కూర్చోలేదు. నా పక్కన నిలబడి కిందికి వంగి చూసింది. ఎందుకు నల్లబడుతుంది, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి, మార్చకపోతే ఏమవుతుంది, అన్నీ అడిగింది. చివరికి, "నాకు నేర్పుతవా అన్నా? ఇంటికాడ నేనే చేస్కుంట" అంది.

నేను జవాబు చెప్పేలోపలే లోపలి నుంచి ఉస్తాద్ గొంతు వినిపించింది. "బేటీ, దర్జీ దగ్గరికి పోతే అంగి కుట్టియ్యమంటరు. కుట్టుడు నేర్పుమంటరా?"

"మా అమ్మ నేర్చుకున్నది చాచా. దర్జీ దుకాణం ఇంకా నడుస్తనే ఉంది."

ఉస్తాద్ గడ్డం సవరించుకున్నారు. ఆయనకు మాటకు మాట చెప్పేవాళ్ళంటే ఇష్టం. కానీ ఒప్పుకోలేదు. "షౌక్‌కు నేర్చుకునేది కాదు ఇది. ఒక్క బోల్టు తప్పు బిగిస్తే ఇంజన్ పాయె."

"షౌక్‌కు కాదు చాచా. బండి ఆగితే నా పేషెంట్లు ఆగుతరు. లోపల ఏముందో తెల్వని దాని మీద రోజూ తిరుగుడు నాకు భయమైతది."

అప్పటికి ఆ మాట అలాగే ఆగిపోయింది. ఆ తర్వాత ఒక శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకు వెళ్ళిన వేళ చూసి వచ్చింది. దుకాణంలో నేనొక్కణ్ణే ఉన్నాను. నేర్పాను. ఇంజన్‌ను ముందు రెండు నిమిషాలు నడిపించి వేడి చేయాలి. బోల్టు చివరి చుట్టుకు వచ్చాక పానా పక్కన పెట్టి వేలితో లోపలికి నొక్కి పట్టుకుని విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు బలం చూపకూడదు. ఆ చివరి మాట చెబితే ఆమె తల ఊపింది. "కట్టు గూడ గంతే అన్నా. ఎక్కువ బిగిస్తే రక్తం ఆగుతది, తక్కువైతే జారుతది."

బండికి ఏం జరిగినా మొదట ఆయిల్ గేజ్ తీసి చూడాలని కూడా చెప్పాను. సన్నటి పుల్ల లాంటిది, తీసి చూస్తే ఆయిల్ ఎంత ఉందో తెలుస్తుంది.

ఉస్తాద్ తిరిగి వచ్చేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఆయన నన్నూ చూశారు, ఆమెనూ చూశారు. లోపలికి వెళ్ళి సర్ఫు పొడి డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టారు.

రెండేళ్ళు ఆమె తన బండి ఆయిల్ తానే మార్చుకుంది. బ్రేకులకో టైర్లకో వచ్చినప్పుడు చెప్పేది: "మొన్న మార్చిన అన్నా, ఒక్క చుక్క కింద పడలే." ఉస్తాద్ నన్ను ఏడిపించేవారు, నా వల్ల దుకాణానికి ఒక గిరాకీ పోయిందని. కానీ ఆమె బండిని స్క్రూడ్రైవర్‌తో విన్నప్పుడల్లా, "సాఫ్ ఉంది" అని మెల్లగా అనేవారు.

ఆ రోజు వేసవి చివర. ఎండ ఇంకా తగ్గలేదు. పదకొండున్నర, పన్నెండు మధ్య ఆమె కుంటుకుంటూ వచ్చింది. మంచం మీది మనిషిని లేపబోయి మోకాలు బెణికిందట. చేతిలో ప్లాస్టిక్ కవర్, కవర్లో ఆయిల్ డబ్బా.

"కింద కూసుండరాదు అన్నా. ఈసారి నువ్వే చెయ్యి. ఒంటిగంటకు జల్‌పల్లిల కట్టు మార్చాలె."

డబ్బాను నా పక్కన బల్ల మీద పెట్టి, బెంచీ మీద కాలు చాపుకుని కూర్చుంది. ఫోన్‌లో ఎవరితోనో, బహుశా ఆ పేషెంట్ ఇంటివాళ్ళతో, మాట్లాడుతోంది. నేను బండిని వేడి చేశాను. తట్ట కింద పెట్టాను. బోల్టు విప్పాను.

ఆమె ఆయిల్ వేళకు మార్చుకునే మనిషి కాబట్టి అది మరీ నల్లగా లేదు. చిక్కటి టీ డికాషన్ రంగులో ఉంది. ఎండ దానిలోంచి దూరి అవతలికి వస్తోంది. అంత అందంగా దిగిన ఆయిల్ నేను అంతకు ముందు చూడలేదు. దారం సన్నబడింది. ఇంకా సన్నబడింది. స్టేషన్‌లోకి లోకల్ రైలు వచ్చింది. దాని అదురు నేల గుండా నా పాదాల్లోకి వచ్చి, ఆ దారం కూడా ఒక్క క్షణం వణికింది. నాకు మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. నా చిన్నప్పుడు ఆమె నా తలకు నూనె పెట్టేటప్పుడు గిన్నెను ఎత్తి పట్టుకుని ఇలాగే సన్నగా వంచేది. నూనె నడినెత్తి మీద పడి చెవుల వెనక్కి చల్లగా జారేది. రైలు వెళ్ళిపోయింది. చుక్కలు మిగిలాయి. నేను బోల్టు బిగించాను, ఎంత బిగించాలో అంతే. కింద గుడ్డతో తుడిచాను.

"సిస్టర్ బండి అయ్యిందా?" అన్నారు ఉస్తాద్ లోపలి నుంచి.

"అయ్యింది ఉస్తాద్."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నేనే బండిని రోడ్డు మీదికి దించి ఇచ్చాను. ఆమె చేయి ఊపి వెళ్ళిపోయింది.

ముక్కాలు గంట తర్వాత ఫోన్ వచ్చింది.

"అన్నా, బండి ఆగింది. ఎవలో లోపల గట్టిగ పట్టుకున్నట్టు ఆగింది. కిక్ దిగుతలేదు. జల్‌పల్లి మలుపు కంటే ముందు, చాయ్ హోటల్ ముంగట పెట్టిన. తాళంచెవి హోటలాయనకు ఇచ్చిన. నేను ఆటోల పోతున్న, పేషెంట్ ఎదురు చూస్తుండు. నువ్వొచ్చి చూస్తవా?"

"వస్త సిస్టర్."

ఫోన్ జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాను. బల్ల మీద ప్లాస్టిక్ కవర్ ఉంది. కవర్లో డబ్బా. డబ్బా మూతకు సీలు అలాగే ఉంది.

అప్పుడు నా లోపల ఏమైందో చెప్పడం కష్టం. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టు అనిపించింది. ఉస్తాద్ ఒక కార్బొరేటర్ కడుగుతున్నారు. తల ఎత్తలేదు. "సిస్టర్ బండి ఆగిందట. చూసొస్త" అని చెప్పి, పానాల సంచిలో ఆ డబ్బా కూడా వేసుకుని దుకాణం బండి మీద బయలుదేరాను. డబ్బా ఎందుకు తీసుకుంటున్నానో నన్ను నేను అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సి వచ్చేది.

ఆ దారి నాకు బాగా తెలిసిన దారే. ఆ రోజు కొత్తగా కనిపించింది. చాంద్రాయణగుట్ట దాటాక రోడ్డు మీద ఎండమావులు నీటి మడుగుల్లా మెరుస్తూ, దగ్గరికి వెళ్ళేకొద్దీ ఇంకిపోతున్నాయి. రెండు వైపులా సగం కట్టిన గోడలు, ప్లాట్ల హద్దురాళ్ళు, ఇసుక కుప్పల మీద పడుకున్న మేకలు. ఎవరో కలగంటుంటే ఆ కలలో నేను బండి నడుపుతున్నట్టు ఉంది. ఆ దారి ఎప్పటికీ అయిపోకూడదని మొక్కుకున్నాను.

అయిపోయింది. నీలం స్కూటర్ హోటల్ ముందు స్టాండు మీద ఉంది. గేజ్ తీశాను. పుల్ల పొడిగా, వేడిగా బయటికి వచ్చింది. మాడిన వాసన.

హోటలాయన నాకు వీపు తిప్పి పాలు కాస్తున్నాడు. రోడ్డు మీద మనిషి లేడు. నా చేతులు వాటంతట అవే చేశాయని రాయాలని ఉంది. అది నిజం కాదు. నేను ఆలోచించాను. ఇరవై ఏళ్ళ పేరు, ఉస్తాద్ ముఖం, రేపు గల్లీలో జనం అనబోయే మాటలు, అన్నీ ఆలోచించాను. ఆ తర్వాతే సీలు చింపాను. డబ్బా మొత్తం పోశాను. ఖాళీ డబ్బాను సంచి అడుగున, పానాల కింద పెట్టాను. ఇంజన్ ముందే పట్టేసింది, ఇప్పుడు పోసిన ఆయిల్ దానికి ఏ మేలూ చేయదు. నాకు చేస్తుందనుకున్నాను.

చెట్టు కింద నిలబడి మాటలు తయారు చేసుకున్నాను. గంట తర్వాత ఆమె ఆటో దిగింది. కట్టు మార్చిన చేతుల్లోంచి ఇంకా డెట్టాల్ వాసన వస్తోంది.

"ఏమైంది అన్నా?"

"ఇంజన్ పాతదైంది సిస్టర్. లోపల పిస్టన్ పట్టేసింది. ఈ ఎండలకు గిట్లయితయి."

"ఆయిల్ ఉందా?"

"ఉంది" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. గేజ్ తీసి చూపించాను కూడా. పుల్ల సగం దాకా తేనె రంగు ఆయిల్ అంటుకుని ఎండలో మెరిసింది.

ఆమె దాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. కోపంగా కాదు. కట్టు విప్పి పుండును చూసే నర్సు ఎలా చూస్తుందో అలా చూసింది.

"నీకు ఫోన్ చేసేముందే తీసి చూసిన అన్నా. ఎండిపోయి ఉండె. ఏం జరిగినా మొదలు గేజ్ చూడాలని నువ్వే కద చెప్పినవ్?"

హోటల్లో పాలు పొంగిన చప్పుడు. హోటలాయన ఎవరినో తిట్టుకుంటున్నాడు. నేను గేజ్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. దాని కొస నుంచి ఒక చుక్క నా చెప్పు మీద పడింది.

"మర్చిపోయిన సిస్టర్" అన్నాను చివరికి.

"మర్చిపోయినవని ఫోన్ చేసేటప్పుడే తెలుసు. గది నేను ఫోన్లనే అనొచ్చు. నీ నోటి నుంచి వస్తదేమో అనుకున్న. మర్చిపోయినందుకు నాకు ఏం లేదన్నా. నేను గూడ మర్చిపోత. కానీ కుడి కాలికి కట్టాల్సింది ఎడమ కాలికి కట్టి, మీకు నొప్పి గీడనే ఉండె కద అని పేషెంట్‌కు చెప్పుడు... గది ఎట్ల?"

నేను నేర్పిన రెండు ముక్కల చదువు అలా నా మీదికే వచ్చి నిలబడింది. ఆ ఊళ్ళో ఇంకెవరి బండి అయినా ఆ అబద్ధం చెల్లిపోయేది. నేర్చుకున్న మనిషి కాబట్టి చెల్లలేదు. నేర్పకపోయినా బాగుండునని ఒక క్షణం అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ట్రాలీ ఆటో పిలిపించి స్కూటర్‌ను దుకాణానికి చేర్చాం. ఆమె డ్రైవర్ పక్కన కూర్చుంది. నేను వెనక బండి మీద వచ్చాను. దుకాణం ముందు దిగి ఆమె, "నాకు చెప్పేది చెప్పినవ్. చాచాకు ఏం చెప్తవో నీ ఇష్టం" అని ఇంటికి నడిచి వెళ్ళిపోయింది, కుంటుకుంటూ.

ఉస్తాద్‌కు అన్నీ చెప్పాను. సీలు సంగతి, సంచి సంగతి, చెట్టు కింద తయారు చేసుకున్న మాటల సంగతి. ఆయన వింటూ చేతులు కడుక్కున్నారు. కడుక్కున్న చేతులనే మళ్ళీ కడుక్కున్నారు. తుడుచుకుంటూ అన్నారు:

"మర్చిపోయినవ్, అది నీ చెయ్యి చేసింది. చెయ్యిని మాఫ్ చెయ్యొచ్చు. పోసినవ్ చూడు, అది నువ్వు చేసినవ్."

నేను తల దించుకున్నాను. పనిలోంచి తీసేస్తారనుకున్నాను.

"ఇంజన్ నువ్వే విప్పు, నువ్వే ఎక్కియ్యి. ఇంకెవ్వరూ ముట్టొద్దు. పిల్ల పని ఒక్క దినం గూడ ఆగొద్దు. నా బండి తీస్కపో. పొద్దుగాల నువ్వే తిప్పు, తిప్పినంక వచ్చి పని చెయ్యి. సమ్‌ఝా?"

అలా పన్నెండు రోజులు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నేను ఆమె డ్రైవర్‌నయ్యాను. మొదటి రెండు రోజులు ఆమె దారి చెప్పడం తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. కుడి, ఎడమ, ఆపు. నేను గడప దగ్గర బండి మీదే కూర్చునేవాణ్ణి. మూడో రోజు జల్‌పల్లిలో, ఆ ఒంటిగంట పేషెంట్ ఇంట్లో, "నీళ్ళ బకెట్ పట్టుకరా అన్నా, నా మోకాలు వంగుతలేదు" అని పిలిచింది. అప్పటి నుంచి లోపలికి వెళ్ళడం మొదలైంది.

ఆ పేషెంట్ ఒకప్పుడు లక్క గాజులు చేసిన పెద్దాయన. జీవితమంతా బొగ్గుల కుంపటి ముందు కూర్చుని పనిచేసిన మనిషి. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ పోయింది. ఒక రోజు కుంపటి దగ్గర నిప్పు కాలి మీద పడితే ఆయనకు తెలియనే లేదట, వాసన వచ్చాక చూసుకున్నాడట. రోజూ శుభ్రం చేయకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టర్ చెప్పాడు. నేను ఆయిల్ పోయడం మరిచిన రోజు ఆమె ఆటో దొరక్క ఆలస్యంగా చేరిన ఇల్లు అదే.

"నువ్వేనా బండి బిగాడ్ చేసినోడివి?" అన్నాడు నన్ను చూసి.

"నేనే."

"నేను నా కాలే బిగాడ్ చేసుకున్న. కూసో" అన్నాడు.

ఆ ఇంట్లో చూసిన ఒక సంగతి నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. కిటికీలోంచి ఎండ గది మధ్యకు వచ్చి పడేది. గోడ మేకుకు వేలాడే నాలుగైదు పాత గాజుల మీద ఆ ఎండ తగిలి, చిన్న చిన్న రంగులు గది అంతా తిరిగేవి. ఆ రంగుల్లో సిస్టర్ నేల మీద కాలు చాపుకుని కూర్చుని, పెద్దాయన భార్యకు కట్టు కట్టడం నేర్పుతోంది.

"నాతోని కాదు బేటీ. చేతులు వణుకుతయి."

"వణకనియ్యుండ్రి అమ్మా. వణుకుతనే చెయ్యుండ్రి."

ఆ ముసలమ్మ వణికే చేతులతో గుడ్డ తడిపింది, పుండు చుట్టూ తుడిచింది, దూది పెట్టింది, చుట్టింది. మూడు సార్లు ఊడిపోయింది. సిస్టర్ తన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అందుకోలేదు. నాలుగోసారి కట్టు నిలిచింది.

బయటికి వచ్చాక అడిగాను. "అందరికి నేర్పుతే నిన్నెవరు పిలుస్తరు సిస్టర్?"

"మానినంక నన్ను పిలుచుడెందుకు?" అంది. బండి ఎక్కి కూర్చుని, కాసేపటికి వెనక నుంచి మళ్ళీ అంది: "ఇంట్ల వాళ్ళే చేసుకుంటరు. కానీ వారానికొక్కసారి నేను చూడాలె. వాళ్ళకు రోజూ చూసి చూసి రంగు మారింది తెల్వది. నాకు తెలుస్తది. నేను గూడ ఒక్కోసారి తప్పుత. అప్పుడు ఆ అమ్మ చెప్పాలె నాకు, సిస్టర్ గిది నిన్న గిట్ల లేదని. ఆమెకు ఏం తెల్వకపోతే నాకెవలు చెప్తరు?"

జహనుమా దాకా నేను ఆ మాటను మోసుకుంటూ బండి నడిపాను.

మధ్యాహ్నం తిరిగి వచ్చాక ఇంజన్ ముందు కూర్చునేవాణ్ణి. విప్పి చూస్తే పిస్టన్ ఒంటి మీద నిలువునా గీతలు, పిల్లి గోళ్ళతో గీరినట్టు. సిలిండర్ లోపల కూడా అవే గీతలు. లేత్ దుకాణంలో ఆ గీతలు పోయేలా బోర్ చేయించి, కొత్త పిస్టన్ వేశాను. చేతిలో పని ఉన్నంతసేపూ మనసును కట్టేసుకుని కూర్చున్నాను. ఎటైనా పోబోతే వేలితో బల్ల మీద కొట్టుకునేవాణ్ణి. ఉస్తాద్ దూరం నుంచి చూసేవారు కానీ దగ్గరికి రాలేదు. పదకొండో రోజు ఇంజన్ మొదటిసారి తిరిగినప్పుడు లేచి వచ్చి, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఎప్పటికంటే ఎక్కువసేపు విన్నారు. స్క్రూడ్రైవర్ నా బల్ల మీద పెట్టి వెళ్ళి కూర్చున్నారు. అంటే బాగుందని.

పన్నెండో రోజు బండి ఇచ్చేటప్పుడు పాత పిస్టన్ ఆమె చేతిలో పెట్టాను. దాచకూడదనిపించింది. ఆమె గీతల మీద బొటనవేలితో రాసి చూసి, నాకే తిరిగి ఇచ్చింది. పిస్టన్ కొత్తది కాబట్టి మొదటి ఐదు వందల కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలని, అప్పటి దాకా మెల్లగా నడపాలని చెప్పాను. సరే అంది. అప్పటికి ఆమె మోకాలు దాదాపు నయమైంది. ఇంక ఆమె ఇంటి దగ్గరే మార్చుకుంటుంది, ఈ దుకాణం మెట్టు ఎక్కదు అనుకున్నాను. అలా అనుకోవడంలో బాధ ఉంది కానీ ఆమె మీద తప్పు పట్టేందుకు ఏమీ లేదు.

మూడు వారాలకు, ఒక రోజు పొద్దున్నే, నీలం స్కూటర్ వచ్చి ఆగింది. ఆమె దిగి మామూలుగా నడుచుకుంటూ వచ్చింది. కుంటు లేదు. చేతిలోని ఆయిల్ డబ్బాను నా బల్ల మీద పెట్టింది.

"మార్చు అన్నా."

"మోకాలు మంచిగైంది కద సిస్టర్?"

"అయ్యింది."

అంతే చెప్పి రోడ్డు దాటి ఎదురుగా ఉన్న హోటల్‌కు వెళ్ళింది. మాకు వీపు తిప్పి కూర్చుని చాయ్ చెప్పింది. ఉస్తాద్ నా వైపు చూశారు. నేను వేడి చేశాను, విప్పాను, దించాను, బిగించాను. సీలు తీశాను. పోశాను. గేజ్ తీసి చూశాను, తుడిచి మళ్ళీ చూశాను. అంతసేపట్లో ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ వీపును చూస్తూ పని చేయడం కంటే ఎవరైనా నెత్తి మీద నిలబడి చూస్తుంటే పని చేయడం సులభం.

చాయ్ తాగి వచ్చింది. బండి ఎక్కలేదు. ముందు వంగింది. గేజ్ తీసింది. గుడ్డతో తుడిచింది, లోపల పెట్టింది, మళ్ళీ తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. చూడకుండా వెళ్ళిపోతే నేను మళ్ళీ ఏదైనా మరిచానేమో చెప్పేవాళ్ళుండరని అప్పటిదాకా భయపడుతూనే ఉన్నాను. నమ్మినవాళ్ళు చూడరని అంతకు ముందు అనుకునేవాణ్ణి. ఆమె నమ్మింది కాబట్టి తెచ్చింది, తెలుసు కాబట్టి చూసింది. రెండూ ఒక మనిషిలోనే ఉండవచ్చని నాకు ఆ వయసులో తెలిసింది.

"సరిగ్గుంది అన్నా" అంది.

గేజ్ బిగించి, బండి ఎక్కి, జల్‌పల్లి వైపు వెళ్ళిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆమె వెళ్ళిన దారినే చూస్తూ కూర్చున్నాను, ఇంకో బండిని ముట్టలేదు. బయట మూడు బండ్లు ఆగి ఉన్నాయి. ఉస్తాద్ నన్ను పిలవకుండా లేచి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఒక్కటొక్కటిగా ఆ మూడూ ఆయనే చేశారు.